పాత కారులో పెట్రోల్ వాసన వస్తోందా? లీకు పట్టుకుని ఆపడం ఇలా

"అన్నా, కారు దగ్గరికి పోతే పెట్రోల్ వాసన గుప్పుమంటా ఉండాది. కిందికి వంగి చూస్తే చుక్క కూడా లేదు. ఏం చెయ్యాల?"

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి ఈ ప్రశ్న రాని వారం లేదు. ఎండాకాలం మొదలైతే రోజుకొకరు అడుగుతారు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇది పాత పెట్రోల్ కార్ల కోసం. అంటే కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న మారుతి 800, ఓమ్ని, మొదట్లో వచ్చిన జెన్, పద్మిని, అంబాసిడర్ లాంటివి. కార్బొరేటర్ లేకుండా ఒత్తిడితో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ బండ్లకు తేడా ఉన్న చోట విడిగా చెబుతాను.

లీకు ఆపడం పెద్ద పని కాదు. చాలాసార్లు అడుగు పైపు, రెండు క్లిప్పులు, అరగంట టైము సరిపోతాయి. కష్టమంతా అది ఎక్కడ మొదలైందో పట్టుకోవడంలోనే ఉంది. చుక్క పడిన చోటు వేరు, లీకు ఉన్న చోటు వేరు.

నా 1997 మోడల్ 800కి ఒకసారి డ్రైవర్ సీటు కింద నేలమీద మరక కనిపించేది. ఒక షాపులో చూపిస్తే ముందు పైపులు మార్చారు. వారానికి మళ్లీ మరక. ఫిల్టర్ మార్చారు, మళ్లీ మరక. మూడోసారి ఏసీ పంపు, అంటే ఇంజిన్‌కు బిగించి ఉండే పెట్రోల్ పంపు, మార్చమన్నారు. అప్పుడు నేనే ఒక తెల్లవారుజామున గోనెసంచి పరుచుకుని కారు కింద పడుకున్నాను. ట్యాంకు పక్కన రిటర్న్ పైపు (ఇంజిన్ వాడగా మిగిలిన పెట్రోల్‌ను ట్యాంకుకు తెచ్చేది) మీద ఉండే బెత్తెడు రబ్బరు ముక్క పగిలింది. అక్కడ ఊరిన పెట్రోల్ ఇనుప పైపు వెంబడి సన్నగా పాకుతూ ముందుకు వచ్చి, పైపును బాడీకి పట్టి ఉంచే క్లిప్పు దగ్గర చుక్క కడుతోంది. మా ఇంటి ర్యాంపు మీద కారు ముక్కు కిందికి ఉంటుంది కాబట్టి పెట్రోల్ ముందుకు పాకింది. అడుగు కూడా లేని పైపు కోసం నెల రోజులు ముందు భాగమంతా విప్పించుకున్నాను.

ఇలా ఉంటే కారు స్టార్ట్ చేయొద్దు

చుక్కలు ఆగకుండా టపటపా పడుతున్నా, కారు కింద తడి మడుగు కట్టినా, బానెట్ ఎత్తగానే ఇంజిన్ మీద తడి మెరుస్తున్నా తాళం తిప్పొద్దు. నలుగురు పట్టి బయటికి తోయండి. షెడ్డులోని లైటు, ఫ్యాను స్విచ్చులు వేయొద్దు, వేసి ఉంటే ఆపొద్దు కూడా. పక్కనే బోరు మోటారు స్టార్టరు ఉంటే అటు ఎవరినీ వెళ్లనీయకండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. అది పైకి పోకుండా నేలను అంటిపెట్టుకుని పాకుతూ, నాలుగు గజాల అవతల ఉన్న నిప్పును వెతుక్కుంటుంది. మంట అంటుకుంటే 101కి లేదా 112కి ఫోన్ చేసి దూరంగా జరగండి. పెట్రోల్ మంట మీద బకెట్‌తో నీళ్లు పోస్తే మంట నీళ్ల మీద తేలుతూ ఇంకా పరుచుకుంటుంది.

కావలసినవి

- ఎల్ఈడీ టార్చి. తీగ వేలాడే బల్బు వద్దు. వేడెక్కిన బల్బు మీద చుక్క పడితే పగిలి అంటుకుంటుంది.
- పౌడరు రకం అగ్నిమాపక సిలిండరు, ఏబీసీ అని రాసి ఉండేది, కనీసం 1 కిలోది. పక్కన ఒక బకెట్ పొడి ఇసుక.
- జాకీ, రెండు గట్టి స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టడానికి రాళ్లు. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరొద్దు.
- స్క్రూడ్రైవర్లు, 8 నుంచి 14 వరకు రింగు స్పానర్లు, కటింగ్ ప్లేయరు, పదునైన బ్లేడు.
- తెల్లటి నూలు గుడ్డలు, పాత అట్టపెట్టెలు, ముఖానికి వేసుకునే టాల్కం పౌడర్ డబ్బా.
- పెట్రోల్ పట్టడానికి మూత బిగుతుగా ఉండే ఇనుప క్యాను, చేత్తో నొక్కే సైఫన్ పంపు.
- పెట్రోల్ పైపు, క్లిప్పులు. వీటిని ఇప్పుడే కొనకండి, లీకు దొరికాక సైజు చూసి కొందురు.

సైఫన్ పంపు ఎందుకంటారా? మన దగ్గర ట్యాంకులోంచి పెట్రోల్ తీయాలంటే పైపు పెట్టి నోటితో పీల్చడం అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు. వాంతిలో పెట్రోల్ మళ్లీ పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

1. నాలుగు రోజులు గమనించి రాసుకోండి

స్పానర్ పట్టకముందు ఒక కాగితం తీసుకోండి. వాసన ఏ టైములో వస్తోంది, ట్యాంకులో ఎంత ఉంది, కారు ఆగి ఉందా, నడిచి వచ్చిందా అన్నది రాయండి. సగం లీకులు ఈ కాగితం మీదే దొరుకుతాయి.

ట్యాంకు నింపిన రోజే వాసన వచ్చి, సగానికి తగ్గాక పోతోందంటే తప్పు ట్యాంకు పైభాగంలో ఉంది. పెట్రోల్ పోసే గొట్టానికీ ట్యాంకుకూ మధ్య ఉండే లావు రబ్బరు, దాని పక్కన గాలి పోయే సన్న పైపు, పెట్రోల్ ఎంత ఉందో కొలిచే గేజ్ యూనిట్ కింద ఉండే ప్యాకింగ్, ఈ మూడూ చూడాలి.

రాత్రంతా నిలబెడితే తెల్లారేసరికి మరక ఉంటోందంటే ట్యాంకు అడుగు, డ్రైన్ ప్లగ్గు, ట్యాంకు నుంచి బయటికి వచ్చే పైపు చూడాలి.

ఇంజిన్ ఆడుతున్నప్పుడే వస్తోందంటే పంపు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న దారిలోగానీ, రిటర్న్ పైపులోగానీ ఉంటుంది.

బాగా తిరిగి వచ్చి ఆపిన పది నిమిషాలకు బానెట్ వైపు నుంచి వాసన కొడితే ముందు కార్బొరేటర్‌ను అనుమానించండి. ఇంజిన్ వేడికి దాని గిన్నెలో పెట్రోల్ మరిగి పొంగుతుంది.

ఇంకొకటి చాలామంది చూడరు. ఇంజిన్ ఆయిల్ లెవల్ చూసే డిప్ స్టిక్ బయటికి లాగి వాసన చూడండి. ఆయిల్ పల్చబడి, లెవల్ పైగీత దాటి, పెట్రోల్ వాసన కొడితే పంపు లోపలి డయాఫ్రమ్ (పల్చటి పొర) చినిగి పెట్రోల్ ఇంజిన్‌లోకి దిగుతోందని అర్థం. బయట చుక్క పడదు, మైలేజీ మాత్రం పడిపోతుంది. అలాంటి కారును ఇంక నడపొద్దు, నేరుగా 7వ మెట్టుకు వెళ్లండి.

2. అసలు లీకేనా చూడండి

బంకులో ఆటో కట్ పడ్డాక "రౌండ్ ఫిగర్ చెయ్యి" అని ఇంకొంచెం కొట్టించే అలవాటు మీకుంటే ముందు అది మానండి. భూమిలో ఉన్న ట్యాంకు నుంచి వచ్చే పెట్రోల్ చల్లగా ఉంటుంది. 30 లీటర్ల పెట్రోల్ 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. మే నెలలో గొంతుదాకా నింపి ఎండలో పెడితే అది ఎక్కడికి పోవాలి? మూత దగ్గర పొర్లుతుంది. నన్ను అడిగినవాళ్లలో చాలామందికి ఆటో కట్ దగ్గర ఆపడంతోనే వాసన పోయింది. మూత లోపలి రబ్బరు వాషరు గట్టిపడి పగుళ్లు వేసిందేమో కూడా చూడండి.

మరక పెట్రోల్‌దేనా అన్నదీ తేల్చుకోండి. ఏసీ నీళ్లకు వాసన ఉండదు. కూలెంట్ వేళ్లకు జిగటగా, కాస్త తియ్యటి వాసనతో ఉంటుంది. బ్రేక్ ఆయిల్ జారుడుగా ఉండి, ఎక్కువగా చక్రాల లోపలివైపు కనిపిస్తుంది. పెట్రోల్ తెల్లగుడ్డకు అద్దితే నిమిషంలో ఆరిపోతుంది, వాసన మాత్రం ఉంటుంది. చాలాకాలంగా ఊరుతున్న చోట లేత గోధుమ రంగు మరక మిగులుతుంది. ఆ మరక చుట్టూ దుమ్ము కరిగి శుభ్రంగా కనిపిస్తుంది.

3. కారు కింద కడిగించండి

పదేళ్ల మట్టి, ఆయిలు పేరుకున్న చోట ఏ లీకూ కనపడదు. వాటర్ సర్వీసు చేయించి, ఒక పూట ఆరనివ్వండి. కార్బొరేటర్ మీద, డిస్ట్రిబ్యూటర్ మీద నేరుగా నీళ్లు కొట్టించొద్దు.

మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు, ఇస్కపల్లి ఉప్పు కొఠారుల వైపు ఉండేవాళ్లు ఈ పని నెలకోసారి ఎలాగూ చేయించాలి. ఉప్పుగాలి పెట్రోల్ పైపుల్ని బయటి నుంచి తినేస్తుంది. అందులోనూ బాడీకి పైపును పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పుల కింద తడి నిలిచి, అక్కడే సూదిబెజ్జం పడుతుంది. పైకి పైపు నల్లగా బాగానే కనిపిస్తుంది, క్లిప్పు తీస్తే పొలుసులు రాలతాయి.

4. తెల్లవారుజామున వెతకండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో పెట్రోల్ చుక్క నేలకు చేరకముందే ఆవిరైపోతుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలవుతాయి, మన మే నెల మధ్యాహ్నాలు అంతకంటే వేడి. "చుక్క లేదు, వాసన మాత్రం ఉంది" అనేది ఇందుకే. మధ్యాహ్నం కారు కింద ఎంతసేపు వెతికినా దండగ. ఐదు, ఆరు గంటల మధ్య చల్లగా, గాలి లేనప్పుడు చూడండి.

ముందు రాత్రి ఆరుబయట, చదునైన చోట కారు పెట్టి, ట్యాంకు కింద నుంచి ముందు దాకా అట్టలు పరవండి. చక్రాల స్థానం గుర్తుకు అట్టల మీద గీతలు పెట్టండి. పొద్దున మరక కనిపిస్తే అది ఏ భాగం కిందో తెలుస్తుంది.

పొద్దున ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. అగరుబత్తి, దోమల చక్రం, గ్యాస్ పొయ్యి, బీడీ ఏదీ దగ్గర్లో ఉండకూడదు. ఫోను జేబులోంచి తీసి ఇంట్లో పెట్టండి. నైలాన్ చొక్కా కాకుండా నూలు బట్టలు వేసుకోండి. పిట్ మీద, అంటే మెకానిక్ గుంట మీద కారు పెట్టి ఈ పని చేయొద్దు, ఆవిరంతా గుంటలోకే దిగుతుంది.

ఇక పెట్రోల్ వెళ్లే దారినే మీరూ వెళ్లండి. పోసే మూత, గొట్టం, ట్యాంకు, ట్యాంకు బయటి రబ్బరు, కారు పొడవునా ఇనుప పైపు, ముందు రబ్బరు, ఫిల్టరు, పంపు, పంపు నుంచి కార్బొరేటర్, అక్కడి నుంచి రిటర్న్ పైపు వెనక్కి ట్యాంకుదాకా. కొన్ని బండ్లలో ఫిల్టరు వెనకే, ట్యాంకు పక్కన ఉంటుంది. ఒక్కటి కూడా వదలొద్దు.

ప్రతి అతుకు దగ్గరా మూడు పనులు చేయండి. తెల్లగుడ్డ చుట్టి పది లెక్కపెట్టి తీసి చూడండి. రబ్బరును వేళ్లతో వంచండి. మంచి రబ్బరు వంగి మళ్లీ నిటారు అవుతుంది, చెడింది వంచినచోట సన్న గీతలుగా విచ్చుకుంటుంది, లేదా కర్రలా అసలు వంగదు. మూడోది, క్లిప్పును అటూ ఇటూ తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే వదులు.

తడి కనిపించిందనుకోండి. అక్కడే ఆగిపోకండి! ఆ తడిని పూర్తిగా తుడిచి, దాని మీదా, దానికంటే పైన ఒక జానెడు దూరం దాకా టాల్కం పౌడర్ చల్లండి. పదిహేను నిమిషాలాగి టార్చి పక్కనుంచి కొట్టి చూడండి. తెల్ల పౌడరు మీద పెట్రోల్ దారి తడిచారలా కనిపిస్తుంది. ఆ చార పైకొస ఎక్కడుందో అదే లీకు. నా కారు లీకు ఇలాగే దొరికింది.

ఎక్కువసేపు వాసన పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. ప్రతి పది నిమిషాలకూ బయటి గాలికి రండి. మీకు వాసన తెలియకపోతే ఇంట్లో ఇంకొకరిని పిలిచి చూడమనండి. ఎవరికైనా తల తిరిగినట్టు ఉంటే ఆ పూటకు పని ఆపేయండి.

రెండు చోట్లు చాలామంది మరిచిపోతారు. ఒకటి, ఎప్పుడో గ్యాస్ కిట్టు పెట్టించి తర్వాత తీయించిన కార్లు. పెట్రోల్ ఆపడానికి పెట్టిన సొలినాయిడ్ వాల్వు అలాగే వదిలేస్తారు, దాని రెండువైపులా రెండు అదనపు అతుకులు. రెండోది ఎలుకలు. కోతలయ్యాక ధాన్యం బస్తాలు పెట్టిన షెడ్డులో కారు ఉంచితే రబ్బరు పైపులు కొరుకుతాయి. పంటిగాట్లు జంటగా, పైపు కిందివైపు ఉంటాయి. చేత్తో తడిమితేనే తెలుస్తుంది.

5. ఇంజిన్ ఆడించి చూడటం

ఆగి ఉన్నప్పుడు ఏమీ దొరక్కపోతేనే ఇది. 4వ మెట్టులో చుక్కలు కనిపించి ఉంటే దీని అవసరం లేదు.

కారు ఆరుబయటే ఉండాలి. బ్యాటరీ వైరు పెట్టి, ఒకరు సీట్లో తాళం మీద చెయ్యి వేసి కూర్చోవాలి. అగ్నిమాపక సిలిండరు మీ చేతికి అందేలా ఉండాలి. కారు కింద ఎవరూ ఉండకూడదు. బానెట్ ఎత్తి, ఇంజిన్ ఒక నిమిషం ఆడించి, పంపు, ఫిల్టరు, కార్బొరేటర్ అతుకులు చూడండి. ఎక్కడ తడి ఊరినా "ఆపు" అనగానే ఆపేయాలి. పక్కనే ప్లగ్ వైర్లు, వేడి సైలెన్సరు ఉంటాయని మరవొద్దు. చీర కొంగు, లుంగీ, పొడుగు చేతుల చొక్కా ఫ్యాను బెల్టుకు దూరంగా ఉండాలి. ఇంజిన్ ఆపి, బ్యాటరీ వైరు మళ్లీ తీశాకే కింద పడుకుని వెనక రిటర్న్ పైపు చూడండి.

6. రబ్బరు పైపు మార్చడం

పదింట్లో ఏడెనిమిది సార్లు నేను చూసింది ఇదే. మన ఎండ సగం కారణం. ఇంకో సగం పెట్రోల్‌లో కలిపే ఎథనాల్. 2025 నాటికి మన బంకుల్లో అది 20 శాతానికి చేరింది. పాత కార్ల రబ్బర్లు దానికోసం చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని గట్టిపడి పగులుతాయి. అందుకే ఒక పైపు పగిలిందంటే మిగతావీ దాని తోటివే అనుకోండి. దారిలో ఉన్న రబ్బరు పైపులన్నీ ఒకేసారి మార్చడం మేలు.

పాత ముక్క తీసుకుని షాపుకు వెళ్లండి. లోపలి సైజు కొలిచి అడగండి. పాత కార్లలో ఎక్కువగా 6, 8 మిల్లీమీటర్లు కనిపిస్తాయి. పైపు మీద అచ్చు చూడండి. కార్బొరేటర్ బండికి ఎస్ఏఈ జె30 ఆర్7 (SAE J30 R7) అన్నా చాలు. ఆర్9 అని ఉంటే ఇంకా మంచిది, ఎథనాల్‌కు అది బాగా తట్టుకుంటుంది. ఏ అచ్చూ లేని పైపును ఎంత చవకైనా తీసుకోకండి.

ఈ పైపులు మాత్రం వాడొద్దు: తాపీమేస్త్రీలు లెవల్ చూసే ట్రాన్స్‌పరెంట్ పైపు, రొయ్యల గుంటల దగ్గర వాడే గాలి పైపు, డ్రిప్ పైపు, గ్యాస్ పొయ్యి పైపు. ఇవన్నీ కార్లకు తగిలించి ఉండగా చూశాను. ట్రాన్స్‌పరెంట్ పైపు మొదటి వారం ముద్దుగా ఉంటుంది, పెట్రోల్ పోవడం కూడా కనిపిస్తుంది. కొన్ని నెలలకు పసుపు పచ్చగా మారి, గాజులా గట్టిపడి, క్లిప్పు దగ్గర చీలుతుంది. అదీ వేడి ఇంజిన్ పక్కన.

పని ఇలా చేయండి:

కారు చల్లగా ఉండగా, బ్యాటరీ వైరు తీసి, ట్యాంకు మూత ఒకసారి తిప్పి లోపలి ఒత్తిడి వదలండి. ట్యాంకు దగ్గరి పైపు మారుస్తుంటే ముందు పెట్రోల్ ఇనుప క్యానులోకి తీసేయండి. క్యానును నేలమీద పెట్టి నింపాలి.

పాత పైపును గుంజొద్దు. కార్బొరేటర్, ఫిల్టర్‌లకు పైపు ఎక్కే ముక్కులు విరిగేది ఇక్కడే. బ్లేడుతో పొడుగ్గా చీల్చి ఒలిచేయండి. ముక్కు మీద బ్లేడు గీత పడకుండా జాగ్రత్త, ఆ గీత వెంబడే మళ్లీ ఊరుతుంది. పడితే సన్న ఎమెరీ కాగితంతో చుట్టూ రుద్ది నునుపు చేయండి.

కొత్త పైపును బ్లేడుతో ఒక్క కోతలో నిటారుగా కోయండి. పాత పొడవు కంటే ఒక అంగుళం ఎక్కువ ఉంచండి, ఇంజిన్ ఊగినప్పుడు లాగకూడదు. క్లిప్పు ముందే ఎక్కించి, పైపును ముక్కు మీద ఉబ్బెత్తు గట్టు దాటి, రెండు సెంటీమీటర్లు లోపలికి వెళ్లేలా నెట్టండి. క్లిప్పు ఆ గట్టుకు లోపలి వైపు పడాలి. గట్టు మీదే బిగిస్తే వేడికి మెల్లగా జారి వదులవుతుంది.

బిగించేటప్పుడు రబ్బరు క్లిప్పు అంచుల పక్కన కొద్దిగా ఉబికిందంటే చాలు, ఆపేయండి. స్క్రూ ఇంకో రెండు చుట్లు తిప్పితే గట్టి అనుకోవడమే మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. గాళ్లు చెక్కిన క్లిప్పు రబ్బరును కోసేస్తుంది. అంచులు మడిచి ఉండే, నిండు రింగులా పట్టే పెట్రోల్ క్లిప్పు దొరికితే అదే తీసుకోండి. ఇనుప కట్టుతీగ చుట్టడం మరమ్మతు కాదు.

ఫిల్టరు మారుస్తుంటే దాని మీది బాణం గుర్తు పెట్రోల్ వెళ్లే దిక్కుకు, అంటే ఇంజిన్ వైపుకు ఉండాలి.

ఇంజెక్షన్ కార్లవాళ్లు ఇక్కడ ఆగాలి. మీ పైపుల్లో సుమారు 3 బార్ ఒత్తిడి ఉంటుంది, ఇంజిన్ ఆపినా చాలాసేపు అలాగే ఉంటుంది. పైపు తీస్తే పిచికారీలా కళ్లలోకి కొడుతుంది. పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ ఆడించి, అది తానే ఆగిపోయేదాకా ఉంచి, ఆ తర్వాతే బ్యాటరీ వైరు తీసి విప్పాలి. పైపు ఆర్9 తప్ప వేరేది పెట్టొద్దు. ఇంజెక్టర్ల కింద ఓ రింగులు మార్చేటప్పుడు ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి నిదానంగా దించండి. పొడిగా నెడితే రింగు తెగుతుంది.

7. పంపు

కార్బొరేటర్ కార్లలో ఇంజిన్‌కు బిగించి ఉండే పెట్రోల్ పంపును మెకానిక్కులు ఏసీ పంపు అంటారు. చల్లగాలి ఏసీకీ దానికీ సంబంధం లేదు. చాలా పంపులకు అడుగున ఒక చిన్న బెజ్జం ఉంటుంది. అక్కడ పెట్రోల్ తడి ఉందంటే డయాఫ్రమ్ చినిగినట్టే. ఆ బెజ్జాన్ని ఎంసీల్‌తో మూసేసినవాళ్లను చూశాను. అలా మూస్తే పెట్రోల్ నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది.

స్క్రూలతో విప్పే పంపు అయితే కిట్టు దొరుకుతుంది. అంచులు మడిచి మూసిన పంపు అయితే మొత్తం మార్చాలి. మార్చేటప్పుడు పాత ప్యాకింగ్ ముక్కలు గీకేసి, కొత్తది పెట్టి, రెండు బోల్టులూ కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి బిగించండి. పంపు కూర్చోకుండా ఎదురు తంతుంటే లోపలి క్యామ్ దాని మీటను నొక్కుతోందని అర్థం. ఇంజిన్‌ను చేత్తో కొంచెం తిప్పి మళ్లీ పెట్టండి. బోల్టులతో బలవంతంగా లాగితే పంపు చెవులు విరుగుతాయి. ఆయిల్‌లో పెట్రోల్ కలిసి ఉంటే ఆయిలు, ఆయిల్ ఫిల్టరు మార్చాకే ఇంజిన్ ఆడించాలి.

8. కార్బొరేటర్ పొంగుతుంటే

కార్బొరేటర్ గిన్నెలో ఫ్లోట్ అనే తేలే ముక్క ఉంటుంది. ఆ గిన్నెలోకి పెట్రోల్ రాకను ఆపే నీడిల్ (సూది లాంటి ముక్క) దగ్గర నలుసు ఇరుక్కుంటే పెట్రోల్ ఆగకుండా వచ్చి పొంగుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె పక్కన రెండు మూడుసార్లు మెల్లగా తట్టండి. ఆగిందంటే నలుసే. కానీ నలుసు ఎక్కడినుంచో వచ్చింది, ఫిల్టరు మార్చండి.

మళ్లీ పొంగితే పైమూత విప్పాలి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి వినండి. లోపల గలగల అంటే దానిలోకి పెట్రోల్ పోయింది, మార్చాలి. నీడిల్ కొసను గోటితో తడిమితే చుట్టూ గాడి తగులుతుందా? దాన్నీ, దాని సీటునూ జతగా మార్చండి. మూత స్క్రూలు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఒకే మూల గట్టిగా బిగిస్తే మూత వంగుతుంది, ఆ తర్వాత ఎన్ని ప్యాకింగులు మార్చినా ఊరుతూనే ఉంటుంది.

9. ట్యాంకు

గేజ్ యూనిట్ ప్యాకింగ్ మీరే మార్చుకోవచ్చు. సీలెంట్ పూయాల్సి వస్తే పెట్రోల్‌కు తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నదే వాడండి. మామూలు సిలికాన్ పెట్రోల్‌కు ఉబ్బి ఊడిపోతుంది, ముక్కలు పోయి ఫిల్టరుకు అడ్డం పడతాయి.

ట్యాంకు అడుగున సూదిబెజ్జం కనిపిస్తే, పెట్రోల్ ఖాళీ చేసేదాకా బట్టల సబ్బు గట్టిగా రుద్దితే ఊట ఆగుతుంది. పెట్రోల్‌కు సబ్బు కరగదు. కానీ అది క్యాను పట్టుకునేంతసేపటికే, నెల్లూరు నుంచి ఒంగోలు పోవడానికి కాదు. తుప్పు పట్టిన చోటు చుట్టూ స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖణేల్ అంటుంది, తిన్న రేకు బొద్దుగా పలుకుతుంది. ఎక్కువ చోట్ల బొద్దుగా పలికితే ట్యాంకు మార్చడమే మంచిది.

వెల్డింగ్ విషయంలో చేతులు జోడించి చెబుతున్నాను. "ఖాళీ ట్యాంకే కదా" అని గ్యాస్ వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. గాలిలో ఒకటిన్నర శాతం పెట్రోల్ ఆవిరి ఉన్నా పేలడానికి చాలు, కడిగిన ట్యాంకు మడతల్లో కూడా అంత మిగులుతుంది. ట్యాంకులు, రేడియేటర్లు మాత్రమే చేసేవాళ్లు ఆటోనగర్లలో ఉంటారు. ఆవిరి పూర్తిగా ఎలా తీస్తారో అడిగి, సరైన జవాబు వస్తేనే ఇవ్వండి.

కారు పొడవునా వెళ్లే ఇనుప పైపు తుప్పు పట్టినా ఇదే మాట. మధ్యలో కోసి రబ్బరు ముక్క అతికించొద్దు. పైపు మొత్తం మార్పించండి.

10. ఆగిందో లేదో ఇలా తేల్చుకోండి

పని అయ్యాక వాసన పోలేదని కంగారుపడొద్దు. చిందిన పెట్రోల్ ఆరడానికి ఒక పూట పడుతుంది. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, బయట నీడలో విడివిడిగా ఆరేయండి.

తర్వాత వరుసగా చూడండి. ఇంజిన్ పది నిమిషాలు ఆడించి, ఆపి, బ్యాటరీ వైరు తీసి, మార్చిన ప్రతి అతుకుకూ పొడి తెల్లకాగితం చుట్టి తీయండి. ఒక పది కిలోమీటర్లు తిరిగి వచ్చి, ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి పదిహేను నిమిషాలు కార్బొరేటర్ వైపు గమనించండి. రాత్రికి మళ్లీ అట్టలు పరిచి తెల్లవారుజామున చూడండి. ఈ మూడూ నెగ్గాకే ట్యాంకు ఆటో కట్ దాకా నింపించి, ఇంకో రాత్రి అట్టలు పరవండి. సగం ట్యాంకుతో బాగున్న కారు, నిండా నింపితే వెనక ఊరడం నేను చాలాసార్లు చూశాను. ఆ ఒక్క రాత్రి వదిలేస్తే నెల తర్వాత మళ్లీ మొదటికొస్తారు.

వారం తర్వాత క్లిప్పులన్నీ ఒకసారి స్క్రూడ్రైవర్‌తో తడిమి చూడండి. కొత్త రబ్బరు వేడికి సర్దుకుని కొంచెం వదులవుతుంది, పావు చుట్టు పడుతుంది. అప్పుడే డిప్ స్టిక్ కూడా లాగి, ఆయిల్ వాసన ఇంకోసారి చూడండి.